మెడ వంకర గిటారు

మా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద నడిచే ఆడపిల్ల చేతిలో కొన్ని వస్తువులకు మాత్రమే అనుమతి. టిఫిన్ డబ్బా ఉండవచ్చు. గొడుగు ఉండవచ్చు. మొజంజాహీ మార్కెట్లో కొన్న సంత్రాల సంచీ ఉండవచ్చు. చంకలో చంటిపిల్ల ఉంటే మరీ మంచిది, ఎవరి పిల్ల అని కూడా ఎవరూ అడగరు. ఈ జాబితా ఎవరో రాసిపెట్టింది కాదు గానీ, రిక్షావాళ్ళ నుంచి తమలపాకులమ్మే ముసలమ్మ దాకా అందరికీ కంఠతా వచ్చు. అందులో గిటారు లేదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. తెలిసే, పందొమ్మిదేళ్ళ వయసులో, పట్టపగలు, గోనెసంచీలో చుట్టిన గిటారును పసిపిల్లలా భుజాన వేసుకుని ఆ రోడ్డు మీద ఇంటికి నడిచాను. సంచీ మూతిలోంచి దాని తల బయటికి తొంగి చూస్తూనే ఉంది. తమలపాకుల ముసలమ్మ ఆకులు లెక్కపెట్టడం ఆపి మరీ చూసింది.

మేముండేది స్టేషన్ వెనక గల్లీలో, ఒక పాత ఇంటి సగభాగంలో, కిరాయికి. ఇంట్లో ముగ్గురమే. అమ్మ నా చిన్నప్పుడే పోవడంతో ఇంటి పెత్తనమంతా మా నాయనమ్మది. వంటింట్లోకి ఉల్లిగడ్డను కూడా రానివ్వని మనిషి ఆమె. బాపు సర్కారు దఫ్తరులో గుమాస్తా. పోలీస్ యాక్షన్ తర్వాత దఫ్తరులో ఉర్దూ ఫైళ్ళు ఒక్కొక్కటిగా ఇంగ్లీషులోకి మారిపోతుంటే, ఇరవై ఏళ్ళు ముత్యాల్లాంటి ఉర్దూ రాసిన మా బాపు, నలభై ఆరో ఏట మిడిల్ స్కూలు ఇంగ్లీషు వాచకం ముందేసుకుని కూర్చున్నాడు. సాయంత్రం పూట వరండాలో కూర్చుని పైకి చదివేవాడు. ఆ వాచకంలో ఆయనకు అన్నిటికంటే నచ్చింది చివర ఉన్న సెలవు చీటీ. అది మొత్తం బట్టీ పట్టి, స్నానం చేస్తూ కూడా అప్పజెప్పుకునేవాడు. నేను టైపు నేర్చుకుని అబిడ్స్‌లో ఒక కంపెనీ ఆఫీసులో చేరాను. మా ఇంట్లో ఉద్యోగానికి పోయిన మొదటి ఆడపిల్లను నేనే. (నాయనమ్మ మాత్రం చుట్టుపక్కల వాళ్ళకు "మా పిల్ల మిషను కుట్టుడు నేర్చుకుంటున్నది" అని చెప్పుకునేది. రెండూ మిషన్లే కదా.)

ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారిలో, అబిడ్స్ చౌరస్తా దాటగానే ఒక హోటలు ఉండేది. దాని మేడ మీద సాయంత్రం ఐదు దాటాక బ్యాండు వాళ్ళు వాయించుకుంటుండేవాళ్ళు. బాజాలూ డోళ్ళూ నన్ను ఆపలేదు. నన్ను ఆపింది వాటి సందులోంచి వినిపించే ఒక తీగల చప్పుడు. వాన మొదలయ్యే ముందు రేకు మీద నాలుగు చినుకులు పడ్డట్టుండేది. ఒకరోజు నిలబడి విన్నాను. మరునాడూ నిలబడ్డాను. ఊరికే నిలబడితే బాగుండదని, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు గొడుగు తెరిచి పట్టుకునేదాన్ని. వాన లేదు, ఎండ లేదు, గొడుగు మాత్రం ఉంది. ఆ హోటలు ముందు సోడాలమ్మే అతను వారం రోజులు చూసి, "గొడుగు కరాబయిందా అమ్మా, మూస్తలేదా?" అని జాలిగా అడిగాడు. ఔనన్నాను. అతను లాక్కుని చక్కగా మూసి ఇచ్చాడు. నేను కృతజ్ఞతలు చెప్పి నాలుగడుగులు వేసి మళ్ళీ తెరిచాను.

తర్వాత ఒకనాడు మేడ మీద చప్పుడు ఆగిపోయింది. మరునాడూ లేదు. హోటలు వాళ్ళు బ్యాండు మానేశారని, వాయించేవాళ్ళు తలో దిక్కూ పోయారని సోడా అతను చెప్పాడు. ఆ నెలలోనే నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద, ఇత్తడి సామాన్ల దుకాణానికీ, సైకిళ్ళు కిరాయికిచ్చే సైకిల్ టాక్సీకీ మధ్య ఉన్న పేటీ చాచా దుకాణంలో మేకుకు వేలాడుతున్న గిటారును చూశాను. హార్మోనియాన్ని మా వైపు పేటీ అంటారు. అవి బాగుచేస్తాడు కాబట్టి ఆయన పేటీ చాచా. తెల్లటి గడ్డం, ముక్కు చివర కళ్ళజోడు, ఒక మనిషి అడ్డంగా పడుకుంటే నిండిపోయేంత దుకాణం. గిటారు మెడ విరిగి, రెండు ముక్కలనూ ఒక సుతిలి తాడు కలిపి పట్టుకుని ఉంది. తీగలు లేవు.

"ఎవరిది చాచా గా గిటారు?" అని అడిగాను.

"బ్యాండు మాస్టరుది బేటీ. అబిడ్స్ హోటల్ మేడ మీద వాయించిన గోవా ఆయన. సామాన్లు దించేటప్పుడు దీని మీద పెద్ద డోలు పడ్డది. బాగుచెయ్యమని ఇచ్చి, పని దేవులాడుకుంటానికి బంబయి పోయిండు."

నేను ఇన్నాళ్ళూ గొడుగు కింద నిలబడి విన్నది దీన్నే! ఆ క్షణాన నాకేమైందో ఇప్పటికీ చెప్పలేను. అది నాది కావాలి అనుకున్నాను. వాయించడం రాదు, పట్టుకోవడం రాదు, దానికెన్ని తీగలుంటాయో తెలియదు. అయినా అనుకున్నాను. ఆ సాయంత్రం నుంచి రోజూ దుకాణం ముందు ఆగడమే. "అమ్ముతరా చాచా?" అంటే "అది అమానత్ బేటీ, నమ్మి ఇచ్చిపోయిన సొమ్ము, ఎట్ల అమ్ముత?" అనేవాడు. "మరి బాగు చెయ్యరాదా?" అంటే చేతులు తుడుచుకుంటూ, "పేటీ అయితే కండ్లు మూసుకొని చేస్త. తబలా అయితే ఒక కన్ను మూసుకొని చేస్త. ఇది ఫిరంగీ బాజా, తెల్లదొరలది. దీని తబియత్ నాకు తెల్వది" అనేవాడు. రెండు నెలలు ఇలాగే జరిగింది. చివరికి ఒక సెలవు నాడు పగలే పోయి నిలబడితే ఆయనే విసిగిపోయి, "నువ్వు రోజూ వచ్చి గట్ల చూస్తే, అది సిగ్గుతోని ఇంకింత పగుల్తది" అన్నాడు.

"అయితే నేను బాగు చేస్త చాచా."

"నీకొస్తదా?"

"రాదు. మీకు గూడ రాదు కదా."

చాచా కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తర్వాత గడ్డం కదిలేలా నవ్వాడు. మేకు మీంచి గిటారు దించి, ఒక పేటీ ముందుకు జరిపి, "దీని మీద చెయ్యి పెట్టు. మాస్టరు ఎప్పుడొచ్చి అడిగితే అప్పుడు తెచ్చి నా చేతుల పెడతనని చెప్పు" అన్నాడు. చెప్పాను. ఆ ముసలాయన గిటారుతో పాటు, చెక్కలు అతికించడానికి వడ్రంగులు వాడే సరేసు ముక్కలు కూడా ఒక కాగితంలో కట్టి ఇచ్చాడు. నీళ్ళలో నానబెట్టాలి, వేడి నీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించాలి, వేడివేడిగా పూసి గట్టిగా కట్టి, పైన బరువు పెట్టి, ఒక రోజంతా ముట్టుకోకూడదు. ఇవన్నీ చెప్పాడు. అది కరిగేటప్పుడు ఎంత కంపు కొడుతుందో మాత్రం చెప్పలేదు. ఆయనకు అలవాటైపోయి ఉంటుంది.

ఇంటికి తెచ్చి, ఎవరి కంటా పడకుండా సామాన్ల గదిలో దాచాను. ఆదివారం మధ్యాహ్నం నాయనమ్మ పురాణం వినడానికి గుడికి పోయింది. బాపు నిద్రపోయాడు. నేను సామాన్ల గదిలో కుంపటి రాజేసి, చేతికందిన చిన్న ఇత్తడి చెంబులో సరేసు కరిగించాను. బెల్లం పాకంలా చూడముచ్చటగా కరిగింది. వాసన మాత్రం, దాని గురించి ఇప్పుడు రాయాలన్నా ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. ముక్కుకు ఓణీ కట్టుకుని, మెడ ముక్కలు రెండూ అతికించి, బాపు పాత పంచె చింపి పట్టీలు కట్టి, గిటారును గోనెసంచీలో పెట్టి, మెడ మీద మామిడికాయ తొక్కు జాడీ ఎత్తి పెట్టాను. ఇంట్లో అంతకంటే బరువైన వస్తువు నాయనమ్మ ఒక్కతే.

ఆమె సాయంత్రం వచ్చి గడపలోనే ఆగిపోయింది. "ఏందే గీ కంపు? ఎల్క గిట్ల సచ్చిందా ఇంట్ల?"

ఇక ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగిన వెతుకులాట చూడాలి. బాపు పంచె ఎగ్గట్టి, బియ్యం బస్తా జరిపాడు, ట్రంకు పెట్టెలు జరిపాడు, మంచం ఎత్తి నిలబెట్టాడు. నేను లాంతరు పట్టుకుని అందరికంటే ఉత్సాహంగా వెతికాను. ఎలుక ఎక్కడెక్కడ ఉండవచ్చో సలహాలు కూడా ఇచ్చాను (సిగ్గులేకపోతే సరి). వెతుకుతూ వెతుకుతూ బాపు సామాన్ల గదిలోకి వచ్చి తొక్కు జాడీ మీద చెయ్యి వేశాడు.

"బాపూ, గాడ లేదు బాపూ! గాడ నేను చూసిన!"

"నువ్వు చూసినవు గని, అది నిన్ను చూసి దాసుకున్నదేమో."

"సచ్చిన ఎల్క దాసుకుంటదారా?" అంది నాయనమ్మ వెనక నుంచి.

బాపు జాడీ పైకెత్తాడు. సంచీ దొర్లింది. గిటారు సగం బయటికి జారి, అలిగిన అల్లుడిలా మెడ పక్కకు తిప్పుకుంది. నేను కెవ్వుమని దాని మీద పడి మెడను సరిచేయబోయాను. ఎక్కడ! సరేసు అప్పటికే చల్లారి బిగుసుకుపోతోంది. మెడ వేలెడంత పక్కకు వాలి, అక్కడే గట్టిపడింది. ఇంకొంచెం లాగితే మళ్ళీ విరుగుతుంది. నేల మీద కూర్చుని ఏడ్చేశాను.

"ఏందే గిది?" అంది నాయనమ్మ.

"గిటారు."

"దాన్ని ఏం చేస్తరు?"

"వాయిస్తరు."

"వాయించేది కంపెందుకు కొడతది?"

అప్పుడైనా ఒక చిన్న అబద్ధం ఆడవలసింది. ఏడుపులో బుద్ధి పని చేయక, సరేసు దేంతో తయారవుతుందో, జంతువుల తోలూ ఎముకలూ ఎలా ఉడికిస్తారో, చాచా చెప్పింది చెప్పినట్టు చెప్పాను. నాయనమ్మ చేతిలో అడుగున సరేసు అంటిన ఆ చెంబు ఉంది. ఆమె చెంబు వైపు చూసింది. చెంబు చేతిలోంచి జారి గది దాటి వరండాలో కొంతసేపు తిరిగింది. ఆ తర్వాత ఇల్లంతా మూడుసార్లు కడిగించారు. నాయనమ్మ రెండుసార్లు తలస్నానం చేసింది. వంట లేదు. చెంబు గల్లీ చివర దాకా పోయి మళ్ళీ రాలేదు.

అన్నీ అయ్యాక బాపు తీర్పు చెప్పాడు. "రేపు పొద్దుగాల తీస్కపోయి ఆయనకిచ్చెయ్యి."

"ఇయ్య" అన్నాను.

బాపుకు ఎదురు చెప్పడం నాకు అదే మొదలు. ఆ మాట విని ఆయన కంటే నేనే ఎక్కువ అదిరిపోయాను. అయినా ఆగలేదు. "మెడ అతికింది బాపూ. వంకరగనే అతికింది గని అతికింది. తీగలు కట్టి చూస్త. మోగకుంటే నువ్వు చెప్పకముందే నేనే ఇచ్చొస్త."

బాపు వరండాలో బల్ల మీదున్న ఇంగ్లీషు వాచకం వైపు చూశాడు. "అమ్మా, గీ వయసుల నేను ఏ బీ సీ డీలు దిద్దుతలేనా? దాన్ని గూడ చూడనియ్యి" అన్నాడు. నాయనమ్మ తడి జుట్టు విదిలించుకుంటూ, "నా వంటింటి దిక్కు రావద్దు, దేవుని అర్ర దిక్కు రావద్దు. కట్టెల అర్రల పెట్టుకొని ఏమన్న జేస్కో" అంది. అలా గిటారుకూ నాకూ కట్టెల గది రాసిచ్చారు.

తీగలు చాచా ఇచ్చాడు, సితారువి కొన్ని, ఇంకా దేనివో కొన్ని. శ్రుతి ఎలా చేయాలో ఆయనకూ తెలియదు. పేటీ మీద 'సా' పట్టుకుని, 'పా' పట్టుకుని, "గీ రెండు కలిస్తే ఎవరికీ నష్టం లేదు" అన్నాడు. ఆరు తీగలకూ అవే రెండు స్వరాలు, కింద పైన చేసి కట్టుకున్నాను. మెడ వంకరగా ఉండడం వల్ల తీగలన్నీ ఒక పక్కకు ఒరిగేవి. వాటిని అందుకోవాలంటే మణికట్టు తిప్పి, మోచెయ్యి ఎత్తి, తల వాల్చి కూర్చోవాలి. కట్టెల సందులోంచి అలా చూసిన బాపు మొదట నాకు మెడ పట్టేసిందనుకున్నాడు. నెల తిరిగేసరికి ఎడమచేతి వేళ్ళు పగిలాయి. ఆ చేతి చిటికెన వేలితోనే టైపులో 'ఎ' అక్షరం కొట్టాలి. నొప్పికి అది గట్టిగా పడేది కాదు. కంపెనీ ఉత్తరాలన్నీ ఆ ఒక్క అక్షరం లేకుండా బయటికి పోయాయి. మేనేజరు నన్ను పిలిచి, "మీ మిషన్‌లో ఒక అక్షరం చచ్చిపోయినట్టుంది, రిపేరుకు పంపుదాం" అన్నాడు. వద్దు సార్, నేనే చూసుకుంటానని చెప్పి, ఆ అక్షరం వచ్చినప్పుడల్లా చూపుడు వేలు పక్కకు పంపి కొట్టడం నేర్చుకున్నాను. మానేద్దామని మాత్రం అనుకోలేదు. ఎందుకనుకోలేదో నాకూ తెలియదు. అప్పటి నన్ను ఎవరైనా అడిగి ఉంటే, ప్రశ్న అర్థం కాక తెల్లముఖం వేసి ఉండేదాన్ని.

నేర్పేవాళ్ళు లేరు కాబట్టి దొరికిందల్లా వాయించాను. గోడ అవతల నాయనమ్మ పొద్దున్నే తిరగలి ముందు కూర్చుని జొన్నలు విసురుతూ ఏదో కూనిరాగం తీసేది. ఆ రాగాన్ని ఒక్కొక్క తీగ మీదే వెతుక్కుంటూ పోయాను. ఆరు నెలలు పట్టింది. ఒకరోజు మొదటి నుంచి చివర దాకా వాయించి ఆగేసరికి గోడ అవతల తిరగలి కూడా ఆగి ఉంది. కాసేపటికి నాయనమ్మ గొంతు వినిపించింది. "నడుమల తప్పినవ్. గాడ జెర మీదికి పోవాలె." నేను సరిచేసి మళ్ళీ వాయించాను. "ఔ, గట్ల" అంది. తిరగలి మళ్ళీ మొదలైంది. ఆ తర్వాత ఆ సంగతి మేమిద్దరమూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇలా ఏడాది గడిచింది. ఒక శనివారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే చాచా దుకాణం బయట నిలబడి ఉన్నాడు. ఆయన బయట నిలబడడం నేనెన్నడూ చూడలేదు. దగ్గరికి వెళ్ళకముందే నా కాళ్ళకు తెలిసిపోయింది.

"మాస్టరు వచ్చిండు బేటీ. ఎల్లుండి పొద్దున బంబయి బండికి పోతడట. అక్కడ పని దొరికిందట. బాజా అడిగిండు."

"పోయిందని చెప్పున్రి చాచా. దొంగలెత్తుకపోయిన్రని చెప్పున్రి."

చాచా నా మీద కోపం తెచ్చుకోలేదు. "గట్ల చెప్తే నా జబాన్ పోతది బేటీ, ఇచ్చిన మాట పోతది. జబాన్ లేని దుకాణంల ఎవరన్న బాజా పెడతరా?" అన్నాడు, అంతే.

ఇంటికి పోయి, గిటారును గుడ్డతో తుడిచి, అదే గోనెసంచీలో పెట్టి, తీసుకెళ్ళి చాచా చేతుల్లో పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం మాస్టరు వచ్చి మూట కూడా విప్పకుండా హడావుడిగా పట్టుకెళ్ళాడని తర్వాత తెలిసింది. ఆ రోజంతా నేను కట్టెల గదిలో కూర్చున్నాను. నాయనమ్మ అన్నం కంచం అక్కడికే తెచ్చిపెట్టింది (ఆ గదిలో ఆమె అడుగు పెట్టడం అదే మొదలు). సాయంత్రం బాపు వచ్చి కట్టెల మొద్దు మీద కూర్చున్నాడు.

"ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"మంచి పని చేసినవ్. మరి అడిగినవా?"

"ఏమని?"

"నాకియ్యమని."

ఏడాది పాటు దాని కోసం ఇంత చేసిన నేను, ఆ మనిషిని ఒక్క మాట అడగాలని అనుకోనే లేదు. "ఇచ్చుడు మన ధర్మం, ఇచ్చినవ్. అడుగుడు తప్పా? ఆయన ఇయ్యనంటే మనకు పోయేదేముంది, ఎట్లయిన పోయిందే కదా" అన్నాడు బాపు. "గని ఆయనకు తెలుగు రాదు, ఉర్దూ చదువరాదు, నీకు నోరు రాదు. అర్జీ రాయాలె." ఆ సాయంత్రం దీపం పెట్టే వేళ దాకా బాపు వాచకం తిరగేస్తూ, కాగితాలు చింపుతూ, జీవితంలో మొదటిసారి తన సొంతంగా ఒక ఇంగ్లీషు ఉత్తరం రాశాడు. నన్ను చూడనివ్వలేదు.

సోమవారం పొద్దున్నే షేర్వాణీ, టోపీ వేసుకుని బాపు ముందు, ఆఫీసు చీరలో నేను వెనక, ప్లాట్‌ఫారం అంతా వెతికాం. చివరికి మూడో తరగతి డబ్బా ముందు చాచా చెప్పిన పోలికల మనిషి కనిపించాడు. సన్నగా, పొడుగ్గా, మోచేతుల దగ్గర అరిగిన కోటుతో ఉన్నాడు. ఒక చేతిలో నల్లటి గిటారు పెట్టె, అది ఖాళీదని పట్టుకున్న తీరులోనే తెలుస్తోంది. చంకలో నా గోనెసంచీ. బాపు ఆయన ముందుకెళ్ళి, పెద్ద దొర ముందు నిలబడ్డట్టు నిలబడి, రెండు చేతులతో అర్జీ అందించాడు. మాస్టరు కాగితం విప్పి, కొంచెం పైకే చదివాడు.

"రెస్పెక్టెడ్ సర్, ఐ బెగ్ టు స్టేట్ దట్ మై డాటర్ ఈజ్ సఫరింగ్ ఫ్రమ్ గిటార్ సిన్స్ వన్ ఇయర్. ఐ దేర్‌ఫోర్ రిక్వెస్ట్ యూ టు కైండ్లీ గ్రాంట్ హర్ ది సేమ్..."

ఆయన అక్కడ ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తర్వాత ఇంజను కూత వేసినట్టు నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. బాపు కంగారుగా నా చెవిలో, "జ్వరం ఉన్న జాగల గిటారు పెట్టిన. తప్పు పోయిందా?" అన్నాడు.

"పేషెంట్ ఈమేనా?" అని మాస్టరు నన్ను చూశాడు. (ఆయన మాట్లాడింది సగం ఉర్దూ, సగం ఇంగ్లీషు. నాకు అర్థమైనంతవరకు తెలుగులో రాస్తున్నాను.) తర్వాత సంచీ విప్పి గిటారు బయటికి తీశాడు. తీయగానే నవ్వు పోయింది. మెడను వేలితో తడిమాడు. ఒక కన్ను మూసి, తుపాకీ గురి చూసినట్టు దాని పొడవునా చూశాడు. వాయించబోయాడు. ఆయన వేళ్ళు పడవలసిన చోట తీగలు లేవు, తీగలున్న చోటికి ఆయన వేళ్ళు వెళ్ళలేదు. ఘోరమైన చప్పుడు వచ్చింది. "ఎవడు చేశాడు ఈ ఖూనీ?" అని అరిచాడు. చుట్టూ జనం మూగారు.

"నేనే" అన్నాను. తొక్కు జాడీ, ఎలుక, సరేసు, అన్నీ చెప్పాను. ఉర్దూ ఎక్కడ ఆగిపోతే అక్కడ తెలుగు కలిపాను. ఆయన నవ్వలేదు. "దీంతో ఏడాదిగా వాయిస్తున్నావా? అసాధ్యం. ఏదీ, వాయించు" అని గిటారు నా చేతుల్లోకి తోశాడు.

మొదటి గంట కొట్టారు. ఎవరిదో రేకు ట్రంకు మీద కూర్చున్నాను. నేను మనుషుల ముందు ఎన్నడూ వాయించలేదు. అటుపక్కన కట్టెలు లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తోచలేదు. మణికట్టు తిప్పాను, మోచెయ్యి ఎత్తాను, తల వాల్చాను. వచ్చింది ఒకటే రాగం, అదే వాయించాను. రెండు వరసలు దాటాక ఎదుట ఎవరున్నారో మర్చిపోయాను. డబ్బా కిటికీలోంచి ఒక తల్లి, "అగో, గిది మా అత్త ఇసురుకుంట పాడేదే!" అంది. నడిమి చోట తప్పకుండా పైకే వెళ్ళాను. ఆపి తలెత్తితే, మాస్టరు నా ముఖం చూడడం లేదు, నా మణికట్టు చూస్తున్నాడు.

"మళ్ళీ" అన్నాడు. మళ్ళీ వాయించాను. ఆయన నా పక్కన కూర్చుని గిటారు అందుకుని, నాలాగే మణికట్టు తిప్పి చూశాడు. కుదరలేదు. మోచెయ్యి ఎత్తాడు, తల వాల్చాడు. కుదరలేదు. గార్డు ఈల వేశాడు. మాస్టరు గిటారును నా ఒళ్ళో పెట్టి లేచాడు.

"ఇది నాది కాదమ్మాయ్. నాది ఆ డోలు కిందే పోయింది. దీన్ని నువ్వు తప్ప ఈ దేశంలో ఎవరూ వాయించలేరు. నేను పట్టుకుపోయి ఏం చేసుకోను?" అన్నాడు. బాపు వైపు తిరిగి, అర్జీ మడిచి కోటు జేబులో పెట్టుకుంటూ, "గ్రాంటెడ్" అన్నాడు.

బండి కదిలింది. ఆయన పరిగెత్తి ఎక్కి, ఖాళీ పెట్టె పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. "థాంక్యూ సర్! థాంక్యూ సర్!" అని ప్లాట్‌ఫారం దద్దరిల్లేలా ఎవరో అరిచారు. చూస్తే మా బాపు, టోపీ చేతిలో పట్టుకుని ఊపుతున్నాడు. ఆయన నోటితో మరొక మనిషితో మాట్లాడిన మొదటి ఇంగ్లీషు అదే. నేను? నేను వంగి, చిన్న తీగ ఒకటి వదులైందేమోనని బిరడా తిప్పి చూసుకుంటున్నాను.

ఆ తర్వాత చాలా జరిగాయి. పెళ్ళయింది, ఇళ్ళు మారాం, ఊళ్ళు మారాం, ప్రతిచోటికీ సామాన్ల లారీలో కాకుండా గిటారు నా ఒళ్ళో కూర్చునే వచ్చింది. అసలు శ్రుతి ఎలా చేయాలో నలభై దాటాక తెలుసుకున్నాను. తెలుసుకుని, నా శ్రుతే ఉంచుకున్నాను. ఇప్పటికీ సాయంత్రం కాసేపు అది నా పక్కన లేకపోతే చేతులు ఏం చేయాలో తెలియక ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. అయితే ఆ సోమవారం గుర్తొచ్చినప్పుడల్లా ఈ మధ్య నాకు కనిపిస్తున్నది గిటారు కాదు, తలుపు దగ్గర నిలబడ్డ ఆ మనిషి. కొత్త పనికి వెళ్తూ ఉత్త పెట్టె మోసుకుపోయాడు. అంత పొడుగు పెట్టెను ఆ మూడో తరగతి రద్దీలో బొంబాయి దాకా ఎక్కడ పెట్టుకున్నాడో. అందులో ఏముందని పక్కవాళ్ళు అడిగితే ఏం చెప్పాడో. అక్కడ దిగాక ఏం వాయించాడో. ఇవేవీ ఆ ఇరవయ్యేళ్ళ పిల్లకు తట్టనే లేదు. బండి చివరి డబ్బా ప్లాట్‌ఫారం దాటక ముందే గిటారును ఛాతీకి హత్తుకుని, ఆఫీసుకు ఆలస్యమవుతుందన్న ధ్యాస కూడా లేకుండా, జనాన్ని తోసుకుంటూ ఇంటి వైపు పరుగు తీసింది. ఒక్కసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపవే, మంచి మాట ఒకటి చెప్పవే అని దాన్ని గట్టిగా కోప్పడాలని ఎన్నోసార్లు అనుకుంటాను. కోప్పడాలంటే ముందు దాన్ని ఆపాలి. ఆ పరుగు చూస్తే నాకు ఆపబుద్ధి కాదు.